ఓదేలు పాదాలు ఎటు చూశాయి

దగ్గరికి రండి, ఇంకా దగ్గరికి. ఆ చివర ఎండలో ఎందుకు కూర్చున్నారు, ఇటు గోడ నీడలోకి జరగండి. చిర్ర పుల్లలూ గోనె కర్రలూ పట్టుకున్నవాళ్ళు వాటిని పక్కన పెట్టండి, ఎవరూ ఎత్తుకుపోరు. ఈ కథలో వాటితో కూడా పని పడుతుంది. పెట్టారా? సరే, వినండి.

నల్లవాగు గని కాలనీలో ఓదేలు అనే ఆయన ఉండేవాడు. మనిషి మంచివాడే గాని, ఏ తప్పునూ దిద్దకుండా దాని పక్కనుంచి సర్దుకుపోయే అలవాటు ఆయనకు ఒకటి ఉండేది.

ఆయన ఇంట్లో గోడ గడియారం వెనకబడి నడిచేది. ఓదేలు దాన్ని దిద్దేవాడు కాదు. ముల్లు ఎక్కడుందో చూసి, మనసులో కొంత కలుపుకుని పనికి బయలుదేరేవాడు. సైకిల్ హ్యాండిల్ ఒక పక్కకు తిరిగిపోయింది. పానాతో ఒకసారి బిగిస్తే సరిపోయేది. ఆయన మాత్రం సీటు మీద పక్కకు ఒరిగి కూర్చుని తొక్కడం నేర్చుకున్నాడు. ఎదురొచ్చేవాళ్ళు తమ మీదికే వస్తున్నాడనుకుని దారి తప్పుకునేవారు. ఇంటి తలుపు నేలకు రాసుకుంటే మోకాలితో ఎత్తి తీసేవాడు. చుట్టాలు వస్తే వాళ్ళకూ ఆ పద్ధతే నేర్పేవాడు.

ఒకరోజు భార్య కనకవ్వ విసిగిపోయి గడియారాన్ని తనే సరిచేసింది. ఆ సంగతి తెలియని ఓదేలు ఎప్పట్లాగే మనసులో కొంత కలుపుకుని, పరుగున పోయి, ఇంకా తాళం తీయని గని గేటు ముందు నిలబడ్డాడు. ఇంటికొచ్చి, గడియారం పూర్తిగా చెడిపోయిందని చెప్పాడు.

"చెడింది గడియారం కాదులే" అని కనకవ్వ కూర కలపడంలో పడిపోయింది.

ఓదేలు గనిలోకి దిగేవాళ్ళకు దీపాలు అందించే గదిలో పనిచేసేవాడు. ఆదివారం సెలవు. ఆ సెలవంతా ఆయనకు ఒకటే లోకం, గోల్ఫ్.

గోల్ఫ్ అంటే ఏమిటో మీలో కొందరికి తెలీదు కదా. మన చిర్రగోనెకు దూరపు చుట్టం అనుకోండి. ఒక పొడవాటి కర్ర ఉంటుంది, దాని కొసన చిన్న పాదంలాంటి ఇనుప ముక్క. నేల మీద ఒక గట్టి తెల్ల బంతి. ఎక్కడో దూరంగా జెండా, జెండా కింద గుంత. ఎవరు తక్కువ దెబ్బల్లో బంతిని ఆ గుంతలో వేస్తే వాళ్ళు గెలిచినట్టు. మన ఆటలో చిర్ర గాల్లోకి లేచాక కొడతాం. అక్కడ బంతి కదలకుండా కూర్చుని ఉంటుంది. కదలని దాన్ని కొట్టడం ఏం గొప్ప అనుకుంటారు. కొట్టి చూసినవాళ్ళు అలా అనరు. ఇంకో సంగతి. కొట్టేవాడు జెండా వైపు ముఖం పెట్టి నిలబడడు. ఎడమ భుజం జెండా వైపు ఉంటుంది, రొమ్ము మైదానం కుడిపక్కకు తిరిగి ఉంటుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను అడగొద్దు.

కాలనీ వెనక, గనిలోంచి తీసి పోసిన మట్టిని చదును చేసి ఎవరో పాత ఇంజనీర్లు ఆ మైదానం చేశారు. ఆ మట్టిలో గడ్డి సరిగా మొలవదు. గుంతల చుట్టూ ఇసుక పరిచి, గాలికి లేవకుండా వాడేసిన ఇంజన్ నూనె చల్లేవారు. ఒక్కో గుంతకు మొదటి దెబ్బ కొట్టే చోట ఒక మట్టి తిన్నె ఉండేది. దాని మీద పిండిలాంటి మెత్తటి దుమ్ము. నిలబడితే బూట్ల అచ్చు అచ్చంగా పడేది. తర్వాత వచ్చేవాడికి తిన్నె చదునుగా ఉండాలని అక్కడ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. దెబ్బ కొట్టగానే ఎవరి అడుగులు వాళ్ళే గోనెసంచి పట్టా లాగి చెరిపెయ్యాలి.

ఓదేలుకు ఈ పని మహా ఇష్టం. బంతి ఎక్కడ పడిందో చూడకముందే పట్టా అందుకునేవాడు. ఆయన దిగిపోయాక తిన్నె అలికిన వాకిలిలా ఉండేది. మైదానం చూసుకునే నర్సింగరావు సారు కూడా, తిన్నె చెరపడం ఓదేలును చూసి నేర్చుకోండని అందరికీ చెప్పేవాడు. ఆ మెప్పే ఆయన కొంప ముంచుతుందని అప్పుడు ఎవరికీ తెలీదు.

ఆటలో చివరి గుంతకు కుడివైపు, దాని తిన్నెకు బాగా ముందుగా, ఒక ముళ్ళకంచె ఉండేది. కంచె అవతల ఐలవ్వ వాకిలి. ఐలవ్వ కొడుకు కుండలు చేస్తే, ఆమె వాటిని ఆ వాకిట్లో ఆరబెట్టి ఆవంలో పెట్టి కాల్చేది. ఎండాకాలం వచ్చిందంటే కాలనీ మొత్తం ఐలవ్వ రంజన్లలో చల్లబడిన నీళ్ళే తాగేది.

మొదట్లో ఓదేలు బంతికి పెద్ద జబ్బేమీ లేదు. నేరుగా బయలుదేరి, సగం దారిలో ఏదో మరిచిపోయి గుర్తొచ్చినట్టు కాస్త కుడికి వంగేది, అంతే. ఎందుకు వంగుతోందని ఆయన అడగలేదు. బంతి కుడికి పోతే తను ఎడమకు గురిపెడితే సరిపోతుంది కదా అనుకున్నాడు. ఎడమ కాలు కొంచెం వెనక్కి తీశాడు. భుజాలు ఎడమకు తిప్పాడు. జెండాకు బదులు దాని ఎడమపక్కనున్న తుమ్మచెట్టును చూసి కొట్టాడు. బంతి తుమ్మచెట్టు వైపు లేచి, గాల్లో వంగి, చక్కగా మధ్యలో పడింది.

"చూసినవా మొగిలీ, గడియారం లెక్కనే" అన్నాడు ఓదేలు సంబరంగా.

మొగిలి కనకవ్వ తమ్ముడు. ఆటలో ఓదేలుకు జోడీ. బావ ఏమన్నా తలూపడం అతనికి అలవాటు. ఆ రోజూ ఊపాడు.

ఆ సంబరం ఎన్నో వారాలు నిలవలేదు. బంతి ఇంకొంచెం ఎక్కువ వంగడం మొదలుపెట్టింది. ఓదేలు తుమ్మచెట్టును వదిలి ఇంకా ఎడమకు జరిగాడు. బంతి ఇంకా కుడికి పోయింది. ఆయన మరీ ఎడమకు జరిగి, కాలనీ నీళ్ళ ట్యాంకుకు గురిపెట్టాడు. బంతి ట్యాంకు వైపు మొహమాటానికి కాస్త దూరం వెళ్ళి, గిరుక్కున మళ్ళి, కంచె దాకా పోయి ముళ్ళలో ఇరుక్కుంది.

ఓదేలు బుర్ర గోక్కున్నాడు. ఎడమకు కొడితే కుడికి పోతోంది. ఇంకా ఎడమకు కొడితే ఇంకా కుడికి పోతోంది. దీపాల గదిలో దీపం ఇస్తూ ఇదే ఆలోచన. ఒకరి దీపం ఇంకొకరికి ఇచ్చాడు. అన్నం ముందు కూర్చుని చెంచాను అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తుంటే, కూరలో ఏమైనా పడిందా అని కనకవ్వ అడిగింది.

మైదానంలో సలహాలకు కొదవ లేదు. ఒకాయన తల ఎత్తుతున్నావన్నాడు. ఇంకొకాయన తల మరీ దించుతున్నావన్నాడు. మోకాళ్ళు వంచమన్నవాడు ఒకడు, నడుము బిగించమన్నవాడు ఒకడు. ఊపిరి బిగబట్టి కొడితే బంతి వంగదని, తన పెదనాన్న అలాగే కొట్టేవాడని మొగిలి చెప్పాడు. మొగిలి పెదనాన్న ఏనాడూ గోల్ఫ్ ఆడలేదని తర్వాత తేలింది. ఓదేలు అన్నీ విన్నాడు, అన్నీ ఒకేసారి చేశాడు. తల దించి, మోకాళ్ళు వంచి, నడుము బిగించి, ఊపిరి ఆపి, ట్యాంకు కేసి చూస్తూ నిలబడితే అది బంతి కొట్టేవాడి వాలకంలా లేదు, బావిలో తొంగిచూసేవాడిలా ఉంది. ఇన్ని మార్చినా, పాదాలు ఎటున్నాయో మాత్రం ఆయన చూసుకోలేదు. చూడటానికి అచ్చులు మిగిలితే కదా. కొట్టడం ఆలస్యం, పట్టా లాగేవాడు.

బంతి మొదటిసారి కంచె దాటినప్పుడు ఐలవ్వ దాన్ని తిరిగి విసిరేసింది. దాంతోపాటు నాలుగు మాటలూ విసిరింది. రెండోసారి ఒక కూజా మూతి పోయింది. ఆ తర్వాతి ఆదివారం, పెద్ద ఎండలో, ఓదేలు ఎప్పటికంటే ఎడమకు తిరిగి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. బంతి గాల్లో పెద్ద వంపు తిరిగి, కంచె మీదుగా పోయి, ఆరబెట్టిన రంజన్ల వరసలో పడింది. పచ్చి కుండ పగిలితే పెద్ద చప్పుడేమీ రాదు. ఒక మెత్తటి శబ్దం, ఆ తర్వాత ఐలవ్వ గొంతు.

ఆమె పగిలిన పెంకు చేత్తో పట్టుకుని కంచె సందులోంచి మైదానంలోకి నడిచొచ్చింది. నర్సింగరావు సారు ముందు నిలబడి, ఇది పొరపాటు కాదని, ఓదేలు కావాలనే తన వాకిలిని చూసి మరీ కొడుతున్నాడని చెప్పింది.

"అయ్యో, లేదు సారూ. నేను గురిపెట్టింది ట్యాంకుకు" అన్నాడు ఓదేలు.

సారు ట్యాంకును చూశాడు. తర్వాత ఐలవ్వ వాకిలిని చూశాడు. ఆ రెండూ మైదానానికి చెరో దిక్కున ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వాడు. ట్యాంకుకు గురిపెట్టానని చెప్పేవాడి మాట ఎవరు నమ్ముతారు? ఇంకెవరో అంటే ఓదేలు కూడా నమ్మేవాడు కాదు.

సారు మెత్తగానే చెప్పాడు గాని, గట్టి మాటే చెప్పాడు. వచ్చే ఆదివారం పక్క గని వాళ్ళతో పోటీ ఉంది. ఓదేలు, మొగిలి జోడీ పేరు ఇచ్చేశారు కాబట్టి ఆడొచ్చు. కానీ ఇంకొక్క బంతి ఆ వాకిట్లో పడితే, ఆ రోజుతో ఓదేలు మైదానం మెట్టు ఎక్కకూడదు. ముందు తిన్నె దిగమన్నాడు.

ఓదేలు పట్టా కోసం చెయ్యి చాచాడు.

"చెరిపింది చాలు, దిగవయ్యా" అన్నాడు సారు.

జీవితంలో మొదటిసారి ఓదేలు తన అడుగులు చెరపకుండా తిన్నె దిగాడు.

మర్నాడు పొద్దున పనికి పోయే ముందు ఆయన ఐలవ్వ వాకిట్లో నిలబడ్డాడు. తప్పు ఒప్పుకుని, పోయిన కుండలకు బదులు మట్టి తొక్కి పెడతానన్నాడు. ఐలవ్వ వద్దనలేదు. బూట్లు విప్పించి, నానబెట్టిన మట్టిలోకి దింపింది. మోకాళ్ళు పీకేదాకా తొక్కాడు. ఐలవ్వ పక్కన కూర్చుని మట్టిలో రాళ్ళు ఏరుతూ ఆయన్ని చూస్తూ ఉంది. కోపం ఎప్పుడో పోయింది. ఆమెకు కూడా ఒక సంగతి అంతు పట్టడం లేదు.

"ఒక్క మాట చెప్పు బిడ్డా. నా మీద నీకు ఏం పగ?" అని అడిగింది.

తనకు ఏ పగా లేదని ఓదేలు మట్టి చేతులతోనే దండం పెట్టాడు.

"పగ లేకుంటే నా దిక్కే ఎందుకు చూస్తవు? మొదట్ల నీ పక్క మొఖమే కనబడేది. తర్వాత సగం రొమ్ము కనబడ్డది. నిన్న నీ అంగీ గుండీలు అన్నీ కనబడ్డయి."

"నేను ట్యాంకుకు గురిపెట్టిన అవ్వా, ఒట్టు."

"ట్యాంకు ఆ దిక్కున్నది. నువ్వు ఈ దిక్కు చూస్తున్నవు. మరి బంతి ఎవని మాట వినాలె?"

ఓదేలు మట్టిలో కాలు ఆపాడు. ఈమె చెప్పేది ఎలా కుదురుతుంది? ఎడమకు, ఇంకా ఎడమకు జరిగిన మనిషి కుడివైపు వాకిలికి ఎదురెదురుగా ఎలా వస్తాడు? తను చెప్పేది నిజమని చూపిస్తానని ఐలవ్వను తిన్నె దగ్గరికి తీసుకెళ్ళాడు.

తిన్నె మీద నిన్నటి అడుగులు అలాగే ఉన్నాయి. ఐలవ్వ ఎక్కి, ఆ పెద్ద బూట్ల అచ్చుల్లో తన చిన్న పాదాలు పెట్టి నిలబడింది. తల ఎత్తి ఎదురుగా చూసింది.

"ఇగో, నాకు నా రంజన్లే కనబడుతున్నయి" అంది.

ఓదేలు ఆమె వెనక్కి పోయి చూశాడు. నిజమే. ముఖానికి ఎదురుగా వాకిలి. ఎడమ భుజం వైపు ట్యాంకు. భుజాన్ని ట్యాంకుకు తిప్పితే రొమ్ము వాకిలికి తిరుగుతుంది, ఒంటికి వేరే దారి లేదు. ఐలవ్వ చెప్పిందీ నిజమే, తను చెప్పిందీ నిజమే. అయితే బంతి ఎందుకు ఆమె మాటే విన్నది?

ఆయన నేల వైపు చూశాడు. తన అడుగుల్ని తను చూడటం అదే మొదలు. రెండు అచ్చుల మడమలనూ కలిపి గీత గీస్తే అది నేరుగా ట్యాంకు వైపు పోతుంది, జెండాకూ ఆ వరసకూ సంబంధమే లేదు. బంతి పెట్టిన చోట కర్ర దుమ్ములో గీసిన గీత కూడా ఉంది. అది కూడా జెండా వైపు పోలేదు. అడ్డంగా, ఐమూలగా, ట్యాంకు వైపు కోసుకుంటూ పోయింది.

ఓదేలు ఆ గీత పక్కన గొంతుక్కూర్చున్నాడు. చిన్నప్పటి చిర్రగోనె గుర్తొచ్చింది. ఇప్పుడు మీరే చెప్పండి. చిర్రను నిండుగా కొడితే ఎటు పోతుంది? నేరుగా. గోనెను ఐమూలగా లాగి, చిర్రను కోసినట్టు కొడితే? గిరగిరా తిరుగుతూ పక్కకు పోతుంది. గోనె ఒక పక్కకు, చిర్ర ఇంకో పక్కకు. మీకందరికీ తెలిసిన సంగతే. ఓదేలుకు కూడా తెలిసిందే. పెద్దవాడయ్యాక చేతిలో మెరిసే కర్ర చూసుకుని మరిచిపోయాడు.

అసలు మొదటి తప్పు చాలా చిన్నది. కర్ర కొసన ఉన్న ఇనుప ముఖం బంతిని తాకేటప్పుడు కొంచెం కుడికి తెరుచుకునేది. అప్పుడే చేతి పట్టు దిద్దుకుంటే పోయేది. దిద్దుకోకుండా ఒళ్ళంతా ఎడమకు తిప్పాడు. ఒళ్ళు ఎడమకు తిరిగేసరికి కర్ర బంతిని అడ్డంగా కోసింది. కోసేసరికి బంతి ఇంకా గిరగిరా తిరిగి ఇంకా కుడికి పోయింది. అది చూసి ఆయన ఇంకా ఎడమకు తిరిగాడు. బంతిని ఐలవ్వ వాకిట్లోకి తోసింది ఆయన సర్దుబాటే.

ఓదేలు లేచి నిలబడ్డాడు. ఆయన ముఖం ఇంకా తికమకగానే ఉంది, కాకపోతే ఇది వేరే తికమక.

"అవ్వా, బంతి నీ వాకిట్లో పడకుండా ఉండాలంటే, నా పాదాల వరస నీ వాకిలి దిక్కే పెట్టాలె" అన్నాడు.

"ఎండ తగిలింది బిడ్డా. ఇంటికి పోయి మజ్జిగ తాగు" అంది ఐలవ్వ.

ఆ వారమంతా ఓదేలు పని దిగగానే వాగులోకి పోయాడు. అక్కడ ఇసుక తప్ప పగలడానికి ఏమీ లేదు. ముందు చేతి పట్టు దిద్దుకున్నాడు. ఇసుకలో కర్రతో ఒక గీత గీసి, పాదాలు ఆ గీతకు సమంగా పెట్టాడు. బంతి ఇంకా కొంచెం కుడికే వంగింది. తర్వాత కుడి పాదం అర జానెడు వెనక్కి తీశాడు. భుజాలూ నడుమూ ఆ పాదాల వరసకే తిప్పాడు. కర్రను కూడా ఆ వరస వెంటే లాగాడు, ఈసారి కోత ఎదురు పక్కకు పడి బంతి ఎడమకు తిరగాలని. బంతి కుడికి బయలుదేరింది. అంతలో అది, సాయంత్రం ఇంటిదారి పట్టిన లేగదూడలా మెల్లగా ఎడమకు మళ్ళి, మధ్యలో పడింది.

ఓదేలు ఒక్కడే నవ్వుకున్నాడు. వెంటనే ఇంకోటి కొట్టాడు. అది నీళ్ళలో పడింది. పట్టా లాగాలని చెయ్యి దురద పెట్టింది గాని ఆపుకున్నాడు. అడుగుల పక్కన కూర్చుని, కుడి పాదం ఎప్పుడు ముందుకు జారిందో చూసుకున్నాడు. అలా ఒక బంతి సరిగ్గా, ఒకటి తప్పుగా, చీకటి పడేదాకా.

ఆదివారం వచ్చింది. పోటీ చివరి గుంత దాకా సమంగా నడిచింది. కాలనీ సగం మైదానం అంచున చేరింది. ఓదేలు తొక్కిన మట్టితో చేసిన కొత్త రంజన్లు ఐలవ్వ వాకిట్లో ఆరుతున్నాయి. ఇంకా పచ్చివి, ఎత్తితే సొట్ట పోతాయి. నర్సింగరావు సారు ముందుగానే పోయి, ఈ ఒక్క దెబ్బ కొట్టనివ్వమంటావా, ఆపెయ్యమంటావా అని ఆమెను అడిగాడు. ఐలవ్వ కొట్టనివ్వమంది. కానీ గుండీలు కనబడితే ఆపుతానంది. ఆ మాట సారుకు అర్థం కాలేదు. అయినా పెద్దమనిషి కాబట్టి అర్థమైనట్టు తలూపి వచ్చాడు.

ఓదేలు తిన్నె ఎక్కాడు. ఎడమకు కాదు, ఐలవ్వ వాకిలి వైపు పాదాల వరస పెట్టాలి. పెట్టాడు. రంజన్ల వరస కంటి కొసకు తగిలింది. ఎర్రగా, తడిగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. ఇవి కూడా పోతే? మైదానం పోతుంది సరే, ఈ ముసలామె ముఖం ఎలా చూడాలి?

"బావా, ట్యాంకును చూసుకో, ట్యాంకును" అని మొగిలి మెల్లగా గొణిగాడు. పాపం, బావ మంచి కోరే అన్నాడు.

ఓదేలు కర్ర ఎత్తాడు. తను ఏమీ చేయలేదనే అనుకున్నాడు. కానీ ఇన్నాళ్ళ అలవాటు ఊరుకుంటుందా? ఎడమ పాదం తనంత తానే కొంచెం వెనక్కి జరిగింది. భుజాలు దాని వెంట తిరిగాయి.

కంచె అవతల నుంచి గొంతు వినిపించింది.

"ఓదేలూ, గుండీలు కనబడుతున్నయి."

జనం నవ్వారు. ముసలిదానికి ఏమైందని ఒకరినొకరు అడిగారు. ఓదేలు నవ్వలేదు. కర్ర దించి కిందికి చూశాడు. పాదాల వరస మళ్ళీ ట్యాంకు దారి పట్టి ఉంది. ఆయన బంతి దగ్గర నుంచి వెనక్కి జరిగాడు. పట్టా అందుకుని, ఆ అడుగుల్ని చెరిపాడు. కొట్టాక చెరపడం ఆయనకు ఎప్పుడూ ఉన్నదే. కొట్టకముందు చెరిపి, మళ్ళీ నిలబడటం అదే మొదటిసారి.

ఈసారి పాదాలు పెట్టి, వాటినే చూశాడు. కుడి పాదం అర జానెడు వెనక్కి. నడుము, భుజాలు ఆ వరసకే. చేతి పట్టు సరిగ్గా ఉంది. ఇక ట్యాంకునూ చూడలేదు, రంజన్లనూ చూడలేదు. కొట్టాడు.

బంతి నేరుగా ఐలవ్వ వాకిలి వైపు లేచింది. సారు కళ్ళద్దాలు తీసేశాడు, చూడలేక. ఐలవ్వ లేచి రెండు చేతులూ చాపి రంజన్ల ముందు నిలబడింది. బంతి కంచె దగ్గరికి వచ్చింది. అక్కడ, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, ఎడమకు మళ్ళింది. కంచె అంచునే వంగుతూ పోయి, మైదానం మధ్యలో పడి, జెండా వైపు దొర్లింది.

ముందు మాట్లాడింది ఐలవ్వే.

"నువ్వట్ల నా దిక్కు నుంచి మొఖం తిప్పుకుంటే ఎంత చల్లగున్నది బిడ్డా" అంది.

పోటీ గెలిచారా అంటే, గెలవలేదు. గుంత పక్కన, చంటిపిల్లాడు కూడా నెట్టగలిగిన బంతిని మొగిలి ఊపిరి బిగబట్టి కొట్టి తప్పించాడు. కాలనీ వాళ్ళు ఆ సంగతి ఇప్పటికీ అతనికి గుర్తుచేస్తారు. కానీ రంజన్లు మిగిలాయి. ఆవంలో కాలి ఎర్రబడి ఇంటింటికీ చేరాయి. ఒకటి దీపాల గది ముందు కూడా పెట్టారు. గనిలోంచి పైకొచ్చినవాళ్ళు దానిలో నీళ్ళు ముంచుకు తాగుతుంటే, ఆ మట్టి తొక్కింది ఎవరో చెప్పకుండా ఉండటం ఓదేలుకు చాలా కష్టమయ్యేది. ఆ తర్వాత కూడా ఆయన ఆ మైదానంలోనే ఆడుకున్నాడు. తిన్నె చెరిపే ముందు ఒక క్షణం తన అడుగుల్ని చూసుకోవడం మాత్రం మానలేదు.

పోటీ అయిన సాయంత్రమే ఆయన ఇంట్లో పానా వెతికాడు. సైకిల్ హ్యాండిల్ బిగించాడు. మర్నాడు నిటారుగా కూర్చుని తొక్కుకుంటూ పోతుంటే, ఎదురొచ్చేవాళ్ళు పాత అలవాటు కొద్దీ పక్కకు తప్పుకుని మురిక్కాలవలో కాలు వేశారు. తలుపు అడుగు చిత్రిక పట్టాడు. పండక్కి వచ్చిన చుట్టాలు ఎప్పట్లాగే మోకాలితో ఎత్తబోయి, తలుపు తేలిగ్గా తెరుచుకునేసరికి ఇంట్లోకి పడబోయారు. కనకవ్వ తను సరిచేసిన గడియారం చూసి, వేళకు అన్నం వడ్డించింది.

అదీ కథ. మీకూ వేళయింది, లేవండి. మీ అమ్మలు అన్నాలు పెట్టుకుని కూర్చుని ఉంటారు. చిర్రలు జేబుల్లో వేసుకుని నేరుగా ఇళ్ళకు పోయి, కాళ్ళు కడుక్కుని, కడుపునిండా తినండి. దారిలో ఈ మాట ఒకరికొకరు చెప్పుకోండి: తప్పును దిద్దుకోకుండా దానికి తగ్గట్టు సర్దుకుపోతే ఆ తప్పే పెరుగుతుంది, అందుకని ఏది వంకర పోయినా ముందు మన పాదాలు ఎటున్నాయో చూసుకోవాలి.